గుట్ట నీడ కానూను

మొన్న ఆదివారం మా కాలనీ పెద్దమనుషులు నలుగురు ఇంటికొచ్చి, కాలనీ సంఘానికి నిబంధనలు రాసిపెట్టమని అడిగారు. నా మీద గౌరవం కొద్దీ కాదు. మీటింగులో లేచి నేను అడ్డం తిరుగుతానని వాళ్ల భయం. రాసిందే నేనైతే ఇక ఎవరితో కొట్లాడతానని వాళ్ల ఉపాయం. ఉపాయం బాగానే ఉంది. చేతిలో ఇంకో కాలనీవాళ్ల అచ్చుకాగితాలు కూడా పట్టుకొచ్చారు. పేరొక్కటి మార్చి సంతకం పెడితే అయిపోతుందట. చదివాను. అద్దెకున్నవాళ్లు మేడ మీద బట్టలు ఆరేయకూడదు, కూరగాయల బండి గేటు దగ్గర ఆగకూడదు, పనిమనుషులు మెట్ల మీద కూర్చోకూడదు. అన్నీ ఇట్లాంటివే. వచ్చిన నలుగురికీ సొంత ఇళ్లున్నాయి. ఆ కాగితాల్లో ఒక్క నిబంధన కూడా ఆ నలుగురిలో ఎవరి మీదా పడదు. ఆ మాటే అన్నాను. చాయ్ సగం సగం తాగి లేచిపోయారు.

నిజం చెప్పాలంటే ఆ మాట నాది కాదు. ముప్పై ఏళ్ల కిందట మా భువనగిరి సాలెల వాడలో, నడుము దాకా మగ్గం గుంటలో దిగి కూర్చొని, అడ్డపోగు నాడె విసురుకుంటూ ఒక మనిషి అన్న మాట. "నా మీద పడని కానూను నాకద్దు."

ఆయన పేరు రాయను. వాడలో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. మా బాపుకు తమ్ముడి వరస కనుక నాకు కాక. నన్ను చూసి వాడలో సగంమంది కాక అనేవాళ్లు, ఆయనకంటే పెద్దవాళ్లు కూడా.

ఆయన నడుము పైభాగమే మాకు బాగా తెలుసు. పొద్దంతా గుంటలోనే ఉండేవాడేమో, ఎప్పుడన్నా నిలబడి కనిపిస్తే ఇంత పొడుగా ఈయన అని ప్రతిసారీ ఆశ్చర్యపోయేవాళ్లం. మాట్లాడడానికి మగ్గం ఆపేవాడు కాదు. నాడె ఇటునుంచి అటు పోయేలోపు ఒక మాట, అటునుంచి ఇటు వచ్చేలోపు ఒక మాట. కాసేపు కూర్చుంటే ఎదుటివాళ్లు కూడా తెలియకుండానే ఆ లయలో పడి ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాళ్లు. మగ్గం చప్పుడు ఆగిందంటే పోగన్నా తెగి ఉండాలి, ఎదుటివాడి మాటలో పసన్నా ఉండాలి. ఎక్కువసార్లు తెగింది పోగే.

వాడలో తగువు తీర్చేటప్పుడు మనిషి ముఖం చూసేవాడు కాదు. బట్ట మీద వేలు పెట్టి, ఏదో పోగును వెతుకుతున్నట్టు, ఆ పోగుకే చెబుతున్నట్టు చెప్పేవాడు. అదేం అలవాటని ఒకసారి అడిగాను. "ముఖం సూస్తె ఎవలో తెలుస్తది బిడ్డ. ఎవలో తెలిస్తె మాట వంగుతది" అన్నాడు. మా చిన్నమ్మ, అంటే ఆయన భార్య, పక్కన నూలు కండెలు చుట్టుకుంటూ ఇట్లాంటివి వింటూ ఉండేది. వాడకంతా న్యాయం చెప్పే మనిషికి ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదని ఆమె తీర్పు. అది కూడా నిజమే.

కానూను అవసరం ఎందుకు పడిందో చెప్పాలంటే పడుగు సంగతి చెప్పాలి. నేసే ముందు నిలువు పోగులకు, అంటే పడుగుకు, గంజి పెట్టాలి. వాడ ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగును చాపి, కర్రల మీద నడుమెత్తున నిలబెట్టి, అటు ముగ్గురు ఇటు ముగ్గురు పొడుగాటి కుంచెలతో గంజిని దువ్వుకుంటూ పోవాలి. ఎంత పెద్ద ఇల్లున్నా ఇంట్లో అయ్యే పని కాదు. ఎండ తగిలితే గంజి పెళుసెక్కి పోగులు పటపట తెగుతాయి. కనుక పొద్దున్నే, గుట్ట నీడ వాడ మీద ఉన్నంతసేపే ఆ పని జరగాలి. మా వాడకు తూర్పున, కొంచెం దక్షిణానికి జరిగి, కోట ఉన్న ఆ రాతిగుట్ట. ఊరందరికీ పొద్దు పొడిచిన చాలాసేపటికి గాని మాకు పొడిచేది కాదు. ఆ ఆలస్యం మీదనే మా బువ్వ నడిచేది.

ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తల్లో మా వాడ చివరి ఇంట్లోకి ఒక గుమాస్తా కిరాయికి దిగాడు. కృష్ణ వైపు మనిషి. హైదరాబాదులో ఏదో ఆఫీసులో ఉద్యోగం, అక్కడ ఇల్లు దొరక్క ఇక్కడ దిగి రోజూ పొద్దటి బండికి పోయేవాడు. ప్రతి మాటకూ చివర అండీ అంటాడని వాడవాళ్లు ఆయనకు అండీ సాబు అని పేరు పెట్టారు. భార్యకు ఆయాసం. నీళ్లు తోడి, అన్నం వండి, ఆమెకు అందేలా పెట్టి, అప్పుడు సైకిలెక్కేవాడు. స్టేషను దూరం. సైకిలుంటేనే బండి అందేది. వంట చేసే మగవాణ్ణి చూసి మావాళ్లు కొన్నాళ్లు నవ్వారు, తర్వాత నవ్వడానికి వేరే సంగతులు దొరికాయి.

ఒక పొద్దున ఆయన సైకిలు హ్యాండిలు పడుగుకు తగులుకుంది. నలభై యాభై పోగులు తెగాయి. పడుగు మా ఎదురింటి అన్నదమ్ములది. ఇద్దరికీ నోటికంటే చేయి ముందు. సైకిలును ఎత్తి గంజి గాబులో ముంచారు. గుమాస్తా ఒక్క మాట తిట్టలేదు. గంజి కారుతున్న సైకిలును ఇంటికి నడిపించుకుపోయి, కూర్చొని, ఠాణాకు ఫిర్యాదు రాశాడు. తిట్టే మనిషితో మావాళ్లకు భయం లేదు, రాసే మనిషిని చూస్తే వణుకు.

ఆ సాయంత్రం కాక అన్నదమ్ములను పిలిపించాడు. మగ్గం నడుస్తూనే ఉంది.

"ఠాణకు పోతే ఏమైతది?" అన్నాడు పెద్దవాడు.

"ఏమైతది. తొవ్వ ఎవలిదని అడుగుతరు. సర్కారుది. గది నిజమే గద. తొవ్వ సర్కారుదని ఒక్కసారి కాయితం మీదికెక్కిందంటే, ఇగ పడుగు నీ నెత్తి మీద సాపుకో."

వాడలో ఇరవై పొయ్యిలు, అంటే ఇరవై కుటుంబాలు. ఇరవై పొయ్యిల బతుకూ ఆ బాట మీద పొద్దుటి రెండు గంటల్లో ఉంది. కాక వెళ్లి గుమాస్తాను ఒక నెల గడువు అడిగాడు. అందరం కలిసి కట్టుబాటు రాసుకుందాం, మీరూ సంతకం పెట్టండి, అప్పటిదాకా ఆ కాగితం జేబులో ఉంచండి అన్నాడు. గుమాస్తా ఒప్పుకున్నాడు. "కానీ రాసుకున్నాక మాట మారకూడదండి" అని మాత్రం అన్నాడు. ఆ మాట కాకకు చాలా నచ్చింది. పది రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

నేను అప్పుడు హైదరాబాదులో బి.ఏ. మొదటి ఏడాది చదివి ఎండాకాలం సెలవులకు వచ్చి ఉన్నాను. పౌరశాస్త్రంలో మంచి మార్కులు. నోరు తెరిస్తే రాజ్యాంగం, హక్కులు. కాకకు తెలుగు అక్షరాలు రావు. పాత రోజుల బడిలో రెండేళ్లు ఉర్దూ దిద్దాడు, ఉర్దూలో సంతకం వచ్చు. నన్ను పిలిచాడు. "గింత పెద్ద దేశానికి రాసుకున్నరట గద, మన ఇరువై పొయ్యిలకు రాసుకోలేమా? దస్తూరీ నీది" అన్నాడు. ఆలోచన ఎవరిదో వేరే చెప్పలేదు.

మగ్గం గుంట అంచు మీద కూర్చొని, నోటుబుక్కు మోకాళ్ల మీద పెట్టుకొని, నేను ముందుగా ఒక ప్రస్తావన రాసుకొచ్చాను. సౌభ్రాతృత్వం, సమానత్వం, పరస్పర సహకారం, పెద్ద పెద్ద మాటలన్నీ పేర్చాను. గొంతు సవరించుకొని చదివాను. ఆయన మొత్తం విన్నాడు.

"గిది ఎవలి మీద పడతది?"

"ఎవలి మీద పడది కాక. గిది ఆశయం."

"గట్లయితె గోడ మీద రాయి బిడ్డ. కాయితం మీద అద్దు."

ఆయన పద్ధతి ఆయనది. రోజుకు ఒక్క కట్టుబాటు. అది కుదిరిందనుకుంటే మగ్గం స్తంభానికి వేలాడే నూలుతాడుకు ఒక ముడి వేసేవాడు. మర్నాడు ఇంటికి ఎవరొచ్చినా, నూలు కోసం వచ్చినా నిప్పు కోసం వచ్చినా, ఆ ముడి పట్టుకొని కట్టుబాటు అప్పజెప్పి, నీ మీద పడతదా అని అడిగేవాడు. పడుతుందని ఒప్పుకుంటే ముడి ఉండేది. అది ఫలానావాడికి బుద్ధి చెప్పడానికి పనికొస్తుందని వచ్చినవాడు సంబరపడితే ముడి విప్పేసేవాడు. మా బాపు చెప్పిన ఒక కట్టుబాటును అట్లా మూడుసార్లు విప్పాడు. మేకల మీద. ఆ వాడలో మేకలు లేనిది మాకు ఒక్కరికే.

చేయి, అంటే ఓటు, ఎవరికుండాలన్న దగ్గర పెద్ద గొడవైంది. సొంత ఇల్లున్న మగవాళ్లకే చేయి ఉండాలని చాలామంది. కిరాయివాడికి చేయి ఇస్తే రేపు వాడే మనల్ని లేచిపొమ్మంటాడని ఎదురింటి పెద్దవాడు. కాక నాడె ఆపకుండానే, సంతకం పెట్టనివాని మీద కానూను ఎట్లా పడుతుందని అడిగాడు. ఇల్లు కాదు, పొయ్యి లెక్క అన్నాడు. పొయ్యికి ఒక చేయి. కిరాయి పొయ్యి అయినా పొయ్యే. వాడ మొదట్లో ఒంటరిగా ఉండే ముసలి అవ్వకు పొయ్యి ఉంది కనుక ఆమెకూ చేయి ఉంది. నేను ఎగిరి గంతేసి, ఇది స్త్రీ హక్కుల విజయమని ఉపన్యాసం మొదలుపెట్టాను. హక్కో గిక్కో నాకు తెల్వది, అన్నం వండుకునేటోడే వాడల ఉన్నట్టు అన్నాడాయన.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పొయ్యి. రెండు చేతులు కావాలి వాళ్లకు. మర్నాడు పొద్దునకల్లా చిన్నవాడు వసారాలో మూడు రాళ్లు పెట్టి పొగ లేపాడు. కాక గుంటలోంచి లేవలేదు. చిన్నమ్మను పంపాడు. ఆమె వెళ్లి, వంగి చూసి, వాడంతా వినేటట్టు అడిగింది: "ఓ మరిదీ, గీ పొయ్యిల బూడిద ఏది? నిన్న రాత్రి ఏం వండుకున్నరు, పొగనా?" ఆ రాళ్లు మధ్యాహ్నానికి బట్టలుతికే దగ్గరికి చేరాయి.

ఇక అసలు కట్టుబాటు. బాట పడుగుకు ఎప్పటిదాకా? గుమాస్తా, ఏడున్నర అని రాయమన్నాడు. కాక ఒప్పుకోలేదు.

"వాడల గడియారం మీకొక్కరికే ఉన్నది సారూ. మీ చేతి మీద సూసి నేను నా పడుగు తియ్యన్నా? నీడ అందరి వాకిట్ల ఉన్నది. గుట్ట నీడ తొవ్వ దాటిందాంక పడుగుది. దాటినంక నడిచేటోనిది. గడియ దాటినా పడుగుంటే తప్పు పడుగోనిదే."

గుమాస్తా వారం రోజులు గడియారం చూసుకున్నాడు. నీడ ఏడున్నరకు ముందే దాటిపోతోంది. బండి ఎనిమిదికి. సరేనండి అన్నాడు. మా కాక ఆ రోజు వేసిన ముడి మిగతా ముడులకంటే పెద్దది.

పదకొండు ముడులు పడ్డాక నేను శుద్ధప్రతి రాశాను. అందులో పన్నెండోది ఒకటి కలిపాను. అవసరమైతే ఈ కట్టుబాట్లను ఇన్ని వంతుల మంది కలిసి మార్చుకోవచ్చునని. ఏ రాజ్యాంగానికైనా ఉండాలి గదా. చదివి వినిపిస్తుంటే ఆయన తాడు పట్టుకొని వేళ్లతో ముడులు లెక్కపెడుతున్నాడని నేను చూసుకోలేదు.

"పన్నెండోది ఎక్కడిది? నా తాడుకు లేదు."

ఆ మధ్యాహ్నమంతా వాదించాను. ఆయన వినలేదు. మార్చే దారి పెడితే, మార్చుకుందాంలే అనుకుంటూనే సంతకం పెడతారు, మారదంటేనే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు అన్నాడు. మరి మనమే తప్పు రాసి ఉంటే అన్నాను. "తప్పు రాయకు" అన్నాడు. నేను ఆ వాక్యం కొట్టేశాను. కొట్టేసిన గీత కనిపించేలాగే ఉంచాను. అది నా పంతం.

సంతకాల రోజు బాగా గుర్తుంది. కాక సంతకం ఉర్దూలో కుడి నుంచి మొదలైంది, గుమాస్తా సంతకం తెలుగులో ఎడమ నుంచి. రెండూ కాగితం మధ్యలో దాదాపు ఒకదాన్నొకటి తగిలాయి. కింద మొత్తం వేలిముద్రలు. ముసలి అవ్వ బొటనవేలికి సిరా అంటించుకొని, ఎక్కడ పెట్టాలో చూపించినా వినకుండా, అందరికంటే పైన పెట్టింది. గుమాస్తా జేబులోంచి ఫిర్యాదు తీసి చింపేశాడు.

నేను డిగ్రీ చదువుతున్నదాన్ని. గుమాస్తా లోకం తెలిసినవాడు. మిగతావాళ్లు పుట్టినప్పటినుంచి ఆ నీడలో పనిచేసినవాళ్లు. గుట్ట నీడ వైశాఖంలో ఒక తీరు, పుష్యంలో ఒక తీరు అని తెలియనివాళ్లు మాలో ఒక్కరూ లేరు. ఆ రోజు గుర్తొచ్చినవాళ్లు కూడా ఒక్కరూ లేరు. మావాళ్లకు ఏ నెలలోనైనా నీడను బట్టి పని. దాన్ని ఎవరూ ఎన్నడూ గడియారం పక్కన పెట్టి చూడలేదు.

చలికాలం సెలవులకు వచ్చేసరికి వాడ కళకళలాడుతోంది. చలిలో పొద్దు తక్కువెత్తున, గుట్ట వెనక దక్షిణంగా పోతుంది గదా, నీడ తొమ్మిది దాటినా బాట వదలడం లేదు. పొద్దున ఒక పడుగు అయ్యేచోట రెండు అవుతున్నాయి. మా కానూను మంచిదని అందరూ పొగుడుతుంటే నేనూ పొంగిపోయాను.

మూడో రోజో నాలుగో రోజో, గుట్ట వెనక బండ్ల బాట మీద గుమాస్తా ఎదురయ్యాడు. సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. టైరులో తుమ్మముల్లు. అప్పటికి బండి పోయి గంటైంది. ఇక్కడేం చేస్తున్నారని అడిగాను.

"చుట్టు తిరిగి స్టేషనుకు వెళ్తున్నానమ్మా, ఇక తర్వాతి బండే. వాడలో పడుగుంటుంది కదా."

"ఎన్నాళ్లనుంచి?"

"కార్తీకం వెళ్లినప్పటినుంచీ. అందితే అందుతుంది బండి, లేకపోతే లేదు." మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆఫీసులో ఆలస్యాలు ఎక్కువయ్యాయని కాగితం ఇచ్చారట. తనది ఇంకా ఖాయం కాని ఉద్యోగమట. ఈ నెలలో మూడు ఆలస్యాలు దాటితే రావద్దన్నారట, ఇవాళ్టితో మూడూ అయ్యాయట.

ఎవరినీ ఎందుకు అడగలేదని నేను గట్టిగానే అన్నాను. ఆయన నా వంక వింతగా చూశాడు. "సంతకం పెట్టాను కదమ్మా. రాసుకున్నాక మాట మారకూడదన్నదీ నేనే."

ఒప్పుకుంటాను, నేను మా కాక ఇంటికి పరుగెత్తింది ఆ మనిషి మీద జాలితో కాదు. నేను గెలిచాను. ఆ సంతోషంతో పరుగెత్తాను. గుంట అంచున నిలబడి అంతా చెప్పాను. కొట్టేసిన పన్నెండో వాక్యాన్ని కంఠతా అప్పజెప్పాను కూడా.

మగ్గం ఆగింది. పోగేమీ తెగలేదు.

"ఎన్ని దినాలాయె అన్నవు?"

"నెలన్నర."

"నెలన్నర సంది నేను గీ తొవ్వల్నే గంజి పెడుతున్న. ఒక మనిషి కనవడుతలేడని నాకు సోయి లేదు." బట్ట మీద వేలు పెట్టలేదు. నా ముఖంలోకి చూస్తూ అన్నాడు. తర్వాత రెండు చేతులూ గుంట అంచున ఆనించి పైకి లేచాడు. పని నడిమధ్యలో ఆయన గుంట వదిలి బయటికి రావడం నేనప్పుడే మొదటిసారి చూశాను. వెళ్లి గుమాస్తా అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రం బండికి ఆయన వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. ఆయాసపు మనిషి లోపల్నుంచి మంచినీళ్లిస్తే తాగాడట. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కాక క్షమాపణ చెప్పే మనిషి మాత్రం కాదు.

మర్నాడు అందరినీ కూర్చోబెట్టాడు. ఎదురింటి పెద్దవాడే మొదలుపెట్టాడు.

"కానూను మారదని నువ్వే అంటివి గద కాక."

"అన్న."

"నీడ ఉన్నంతసేపు తొవ్వ పడుగుదని నువ్వే రాయిస్తివి."

"రాయించిన. గిప్పుడు గూడ పడుగుదే. మనదైన జాగల ఒక మనిషికి తొవ్వ ఇస్తె మన జాగ ఏడికి పోతది? ఆయన వచ్చే యాళ్లకు పడుగు లేపి గోడకు ఒరిగించి పట్టుకుందాం. పోయినంక మల్ల దించుదాం."

అందరూ ఒక్కసారి లేచారు. తడి గంజి మీద ఉన్న పడుగును కదిలించడమంటే ఏమిటో వాళ్లకు తెలుసు. పోగు పోగుకు అతుక్కుంటుంది. విప్పడానికి సగం దినం. విప్పినా నేతలో అక్కడక్కడ మచ్చ తేలుతుంది. ఆ సంగతి కాకకు ఇంకా బాగా తెలుసు. అందరినీ మాట్లాడనిచ్చాడు. చివరకు, రేపు నా పడుగే వేస్తా, మొదలు నాదే లేపుదాం, చెడితే నాదే చెడుతుంది అన్నాడు. 

మరుసటి పొద్దున నేను దుప్పటి కప్పుకొని అరుగు మీద నిలబడి చూశాను. గుమాస్తా సైకిలు పట్టుకొని వాడ కొసన ఆగిపోయాడు. ముందుకు రాడు. కాక కేక వేశాడు. అటు ముగ్గురు ఇటు ముగ్గురు కర్రలు పట్టుకొని పడుగును నెమ్మదిగా లేపి, పక్కకు తిప్పి, గోడవారగా నిలబెట్టి పట్టుకున్నారు. గంజి వాళ్ల మోచేతుల మీదుగా చంకల్లోకి కారుతోంది. గుమాస్తా తల వంచుకొని నడిచాడు. ఆరుగురికీ వరుసగా, ఒక్కొక్కరి దగ్గరా ఆగి, వస్తానండీ, వస్తానండీ అని ఆరుసార్లు చెప్పాడు. నాలుగోవాడైన అన్నదమ్ముల్లో చిన్నవాడు, "పో సారూ, పో, చేతులు గుంజుతున్నయి" అన్నాడు. బండి అందింది.

పోగులు అతుక్కున్నాయి. చిన్నమ్మ ఆ రోజంతా కూర్చొని గోటితో విప్పింది. విప్పుతున్నంతసేపూ కానూనును, కాకను, రైలును, నన్నూ కలిపి తిట్టింది. నాలుగైదు రోజులకు వాళ్లకు కిటుకు తెలిసింది. ఎక్కడ పట్టాలో, ఎంత వంచాలో. మచ్చలు తగ్గాయి. పూర్తిగా పోలేదు. ఆ చలికాలం మా వాడ చీరల్లో వెతికితే కనిపించేవి.

సెలవులయ్యేలోపు కాక తాడు పట్టుకొని మా ఇంటికొచ్చాడు. ఇంకొక ముడి వేసి ఉంది. రాయమన్నాడు. నీడ ఉన్నా సరే, ఆగలేని మనిషి వస్తే పడుగు లేవాలి. ఆగలేనివాళ్లు ఎవరెవరో ఆయనే చెప్పాడు: బండికి పోయేవాళ్లు, నొప్పులు పడుతున్న ఆడమనిషి, జ్వరంతో దవాఖానకు పోయేవాళ్లు, ఎక్కడన్నా అంటుకుంటే నీళ్లు మోసేవాళ్లు. రాశాను. రాసి ఊరుకోవచ్చు గదా. నేనప్పుడే చెప్పలేదా కాకా అన్నాను.

"చెప్పినవు బిడ్డ. గాని నా మీద గెలుసుడే సూసినవు. గా సారు ఏ తొవ్వల పోతున్నడో నువ్వు గూడ సూడలే."

రెండు రోజులు ఆ ఇంటి వైపు పోలేదు. 

గుమాస్తాకు ఉద్యోగం ఖాయమైంది, రెండేళ్లకు హైదరాబాదులో ఇల్లు దొరికి వెళ్లిపోయాడు. ఆయన గదుల్లోకి ఇంకొకరు వచ్చారు, వాళ్లూ బండికి పోయేవాళ్లే. నేను మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లల బడిలో పంతులమ్మనయ్యాను. ఊరికి వెళ్లినప్పుడల్లా కాకతో ఏదో ఒక దాని మీద వాదన పెట్టుకునేదాన్ని. మగ్గం మీద ఆయన వేగం తగ్గింది. నాడె ఆలస్యంగా తిరిగొచ్చేది కనుక మాటలు పొడుగయ్యాయి. కొత్తగా ఏదన్నా కట్టుబాటు పెడదామని ఎవరైనా వస్తే, ముందు ఒక ఏడాది ఊరుకోండి, ఆరు రుతువులూ చూడండి, తర్వాత రండి అని పంపించేవాడట.

ఆయన పోయాడని కబురు వచ్చింది మార్గశిరంలో. పోయింది సాయంత్రం. నేను దొరికిన బస్సు, దొరికిన రైలు ఎక్కి పొద్దున ఎనిమిదింటికి వాడలో కాలుపెట్టాను. అప్పటికే తీసుకుపోయి ఉంటారేమో, ముఖం చూడనన్నా చూస్తానో లేదో అని దారంతా అదే దిగులు.

వాడ నిండా పడుగు ఉంది. ఎదురింటి అన్నదమ్ములది. అటు ముగ్గురు ఇటు ముగ్గురు గంజి దువ్వుతున్నారు. వాళ్ల పక్కనే అరుగు మీద కాక. తెల్లగుడ్డ కప్పి ఉంది.

నాకు కళ్లు తిరిగినంత కోపం వచ్చింది. మీకు సిగ్గున్నదా అని అరిచాను. మనిషిని వాకిట్లో పెట్టుకొని పని చేస్తారా, ఒక్క దినం పడుగు ఆగదా, ఆయన మీకు ఏం తక్కువ చేశాడని, ఇంకా చాలా అన్నాను. పడుగు అంచున ఇద్దరు తలలు వంచుకున్నారు. కుంచెలు మాత్రం ఆగలేదు. పెద్దవాడి ముక్కు కొస నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతులు ఖాళీ లేక తుడుచుకోవడం లేదు.

"అరువకు బిడ్డ" అంది చిన్నమ్మ. తల దగ్గర కూర్చొని ఉంది. "సచ్చినోళ్లు గా కాయితంల లేరు."

"రాసేటప్పుడు మర్శిపోయి ఉంటం చిన్నమ్మా. మర్శినంత మాత్రాన గిట్ల చేస్తరా?"

"మర్శిపోలే. నువ్వు రాసిన్నాడే నేనడిగిన, వాడల ఎవలన్న పోతె ఎట్ల అని. సచ్చినోనికి ఏ బండి అందుకునేదున్నది, నీడ పోయిందాంక ఆగుతడు అన్నడు." గుడ్డ అంచును సర్దింది. "వాళ్లు పడుగు ఎయ్యం అనే అన్నరు. నేనే ఎయ్యుమన్న. నిన్న మాపటికే గంజి కాచి పెట్టుకున్నరు. పులుస్తది."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. చలి. గుట్ట నీడ వాడ అవతలి గోడ దాకా ఉంది. కుంచెలు గీసే చప్పుడు తప్ప ఏమీ లేదు. నీడ అంచు ఎదురింటి గడప దిగింది. బాట సగానికి వచ్చింది. పడుగు దగ్గరికి పాకింది. పోగుల మీద ఎండ పడే ముందే పెద్దవాడు చేయెత్తాడు. కర్రలు తీశారు, పడుగు చుట్టారు, లోపల పెట్టారు. ఆరుగురూ గాబు దగ్గర చేతులు కడుక్కొని వచ్చారు. ఒక్క కడుగుకు పోయే గంజి కాదది. వాళ్లు లేపి భుజాల మీద పెట్టుకున్న పాడె కర్రల మీద ఆ చేతుల గుర్తులు తెల్లగా పడ్డాయి.